అసో అగ్నిపర్వత ప్రాంతంలో గైడుతో ఒక రోజు: తరచుగా అడిగే ప్రశ్నలు

జపాన్ నైరుతి భాగంలో ఉన్న క్యూషూ దీవి నడిబొడ్డున, కుమామోతో ప్రిఫెక్చర్ అనే పాలనా విభాగంలో అసో అగ్నిపర్వతం ఉంది. తమ కుటుంబానికి మాత్రమే ఒక గైడును, ఒక వాహనాన్ని మాట్లాడుకొని అక్కడ ఒక రోజు గడపాలనుకునే తెలుగువారు సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము. ఒక మాట ముందే చెప్పడం మంచిది. ఈ ప్రయాణాన్ని క్రేటర్ (పొగలు వెలువడే అగ్నిపర్వత ముఖబిలం) ఒక్కదాని కోసం కాక, దాని చుట్టూ ఉన్న ప్రాంతమంతటి కోసం ఖరారు చేసుకోండి. ఆ రోజు క్రేటర్ తెరిచి ఉంటుందా లేదా అన్నది గైడు చేతిలో గానీ, యాత్రను ఏర్పాటు చేసే సంస్థ చేతిలో గానీ లేదు.

అసోలో అసలు చూడవలసినది ఏమిటి? ఫూజీ వంటి శిఖరం కనిపిస్తుందా?

ఫూజీ వలె ఒంటరిగా నిలిచిన కోసు శిఖరం ఇక్కడ కనిపించదు. సుమారు 2,70,000 ఏళ్ల క్రితం నుంచి 90,000 ఏళ్ల క్రితం వరకు నాలుగు మహా విస్ఫోటనాలు జరిగి, భూగర్భంలోని శిలాద్రవం బయటికి పోగా, పైనున్న నేల కుంగిపోయి ఏర్పడిన విశాలమైన పల్లాన్ని మీరు చూస్తారు. దీనినే కాల్డెరా అంటారు. ఉత్తర దక్షిణాలుగా 25 కిలోమీటర్లు, తూర్పు పడమరలుగా 18 కిలోమీటర్లు ఉన్న ఈ పల్లంలో వరి పొలాలు, రైలు మార్గాలు, బడులు, ఆసుపత్రులు ఉన్నాయి; దాదాపు 50,000 మంది అందులోనే నివసిస్తున్నారు. పల్లం మధ్యలో తరువాతి కాలంలో లేచిన కొండల గుంపు ఉంది. వాటిలో తకదకె 1,592 మీటర్లతో అన్నిటికన్నా ఎత్తైనది కాగా, ఇప్పటికీ పొగలు కక్కుతున్నది 1,506 మీటర్ల నకదకె.

చివరి మహా విస్ఫోటనంలో వెలువడిన మండే బూడిద ప్రవాహం సముద్రాన్ని దాటి పక్క దీవిలోని యమగుచి ప్రాంతం వరకు చేరింది. వికారాబాదు, ఆదిలాబాదు ప్రాంతాలలోని నల్లరాతి నేలలను, రాజమహేంద్రవరం దగ్గరి బసాల్టు క్వారీలను చూసినవారికి అగ్నిపర్వత శిల కొత్త కాదు. అయితే సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి ఆ దక్కను శిలలు నేల పగుళ్ల నుంచి పారిన లావా గట్టిపడి ఏర్పడినవి. అసోను తీర్చిదిద్దినది మాత్రం ప్రధానంగా పేలుడు, బూడిద. ఈ తేడాను స్థలం చూపిస్తూ వివరించగల గైడు దొరికితే, ఆ రోజుకు పెట్టిన ఖర్చులో సగం విలువ అక్కడే వచ్చినట్లు భావించవచ్చు.

క్రేటర్ అంచు వరకు తప్పకుండా వెళ్లగలమా?

తప్పకుండా అని ఎవరైనా హామీ ఇస్తే, వారిని నమ్మకండి. క్రేటర్ తెరవడానికి రెండు వేర్వేరు షరతులు నెరవేరాలి. మొదటిది జపాన్ వాతావరణ సంస్థ ప్రకటించే అగ్నిపర్వత హెచ్చరిక స్థాయి. ఇవి 1 నుంచి 5 వరకు ఉంటాయి. స్థాయి 1 ఉన్నప్పుడు అంచు వరకు అనుమతిస్తారు. స్థాయి 2కు పెంచితే క్రేటర్ చుట్టూ సుమారు ఒక కిలోమీటరు మేర ప్రవేశం నిషిద్ధం. స్థాయి 3 అయితే కొండ వైపే వెళ్లరాదు.

రెండవది గాలి. స్థాయి 1 ఉన్న రోజున కూడా, క్రేటర్ నుంచి వెలువడే సల్ఫర్ డయాక్సైడ్ వాయువును గాలి సందర్శకులు నిలిచే చోటికి తోసుకొస్తే, కాపలా సిబ్బంది మైకులో ప్రకటించి అందరినీ వెనక్కి పంపేస్తారు. అంచును కొన్ని విభాగాలుగా చేసి, గాలి మళ్లినప్పుడల్లా ఒకదాన్ని మూసి మరొకదాన్ని తెరుస్తూ ఉంటారు. ఉదయం పది గంటలకు మూసి ఉన్నది పదకొండుకు తెరవవచ్చు. మీరు క్రేటర్‌కు చేర్చే టోల్ రోడ్డు ఎక్కుతుండగానే మళ్లీ మూయవచ్చు. అందుచేత అనుభవమున్న గైడు ఉదయం నుంచే అధికారిక సమాచార పేజీని గమనిస్తూ, తెరిచారని తెలిసిన వెంటనే మిగిలిన కార్యక్రమాన్ని ముందువెనుకలు చేసి అటు తీసుకెళతారు. అరగంటకొకటి చొప్పున గట్టిగా బిగించిన కార్యక్రమ పట్టిక అసోకు ఏమాత్రం పనికిరాదు.

క్రేటర్ మూసివేస్తే డబ్బు తిరిగి ఇస్తారా?

సాధారణంగా ఇవ్వరు. వాహనం, గైడు సమయం రెండూ ఖర్చయ్యాయి కాబట్టి అది సమంజసమే. కొందరు నిర్వాహకులు ముందురోజే హెచ్చరిక స్థాయి పెరిగితే తేదీ మార్చుకోవడానికి ఒప్పుకుంటారు. ఈ షరతును బుకింగుకు ముందే రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

మూసి ఉన్న రోజున అక్కడ ఇంకేమి చూస్తాము?

ఒక గైడు మీకు సరిపోతారా లేదా అని తేల్చుకోవడానికి అడగవలసిన ప్రశ్న ఇదే. క్రేటర్ లేకుండా రోజంతా ఎలా గడుపుతారో చెప్పమని ముందే అడగండి. ఆ సమాధానంలో తడబాటు కనిపిస్తే మరొకరిని చూసుకోండి.

మా అభిప్రాయంలో అసోలో తప్పక చూడవలసిన చోటు దైకన్‌బో. కాల్డెరా ఉత్తరపు గోడ మీద 936 మీటర్ల ఎత్తున ఉన్న ఈ స్థలం నుంచి చూస్తే పల్లమంతా కాళ్ల కింద పరుచుకొని ఉంటుంది. ఎదురుగా నిలిచిన ఐదు శిఖరాల వరుసను స్థానికులు పరినిర్వాణ భంగిమలో వెల్లకిలా శయనించిన బుద్ధునితో పోలుస్తారు. రంపపు పళ్ల వంటి నెకోదకె ముఖం, తకదకె ఛాతీ, నకదకె ఉదరం కాగా, పొగ లేచేది నాభి నుంచి. శరదృతువులో తెల్లవారుజామున పల్లం మేఘాలతో నిండి శిఖరాలు మాత్రమే పైకి తేలి కనిపిస్తాయి. అయితే దానికోసం రాత్రి కాల్డెరాలోనే బస చేయాలి. నగరం నుంచి ఎనిమిదింటికి బయలుదేరేవారికి అది దక్కదు.

కొండ ఎక్కే దారిలో కొమెజుక అనే చిన్న బూడిద దిబ్బ వస్తుంది. నేల నుంచి దాదాపు 80 మీటర్ల ఎత్తుతో, పైన చిన్న గుంటతో ఉన్న ఈ గుండ్రని దిబ్బను అసో దేవుడైన తకెఇవతత్సు పోసిన ధాన్యపు రాశిగా కథ చెబుతుంది. పేదలకు పంచడానికి ఆయన దోసిలితో ఎత్తిన చోటే పైనున్న గుంట అట. ఈ దిబ్బను ఎక్కడం నిషిద్ధం, దారి నుంచే చూడాలి. కాల్డెరా ఒకప్పుడు సరస్సుగా ఉండేదనీ, అదే దేవుడు పడమటి గోడను కాలితో తన్ని నీటిని వదిలి పొలాలు ఏర్పరచాడనీ మరొక కథ ఉంది. పల్లంలో ఒకప్పుడు సరస్సు ఉండేదన్నది భూగర్భ శాస్త్రజ్ఞులు కూడా చెప్పే మాటే కాబట్టి ఈ కథను గైడు నోట తీరికగా వినండి.

ఆ పైన కుససెన్రి పచ్చిక మైదానం, దాని నడుమ వాన నీటి మడుగులు, ఎదురుగా అగ్నిపర్వత ప్రదర్శనశాల ఉన్నాయి. క్రేటర్ దగ్గర అమర్చిన కెమెరాల దృశ్యాలను ఆ ప్రదర్శనశాలలో ప్రత్యక్షంగా చూపిస్తారు కనుక మూసివేత రోజున ఇది కొంత ఊరట. దిగువన అసో దేవాలయం ఉంది. 1850లో కట్టిన దాని రెండంతస్తుల ద్వారం 2016 ఏప్రిల్ భూకంపంలో పూర్తిగా కూలిపోగా, పునర్నిర్మాణం 2023 డిసెంబరులో ముగిసింది. దక్షిణపు పల్లంలోని షిరకవ ఊట నిమిషానికి 60 టన్నుల చొప్పున ఏడాది పొడవునా దాదాపు 14 డిగ్రీల చల్లని నీటిని పొంగిస్తుంది. ఖాళీ సీసా తీసుకెళితే నింపుకోవచ్చు.

వాన పడితే దైకన్‌బోలో తెల్లని పొగమంచు తప్ప ఏమీ కనిపించదు. అటువంటి రోజున భూకంప స్మారక ప్రదర్శనశాల కియోకుకు వెళ్లడం మేలు. ఒక విశ్వవిద్యాలయ భవనం కిందుగా నేల చీలిన తీరును అక్కడ ఉన్నది ఉన్నట్లుగా భద్రపరిచారు.

అక్కడికి వెళ్లడం ప్రమాదకరమా?

ప్రమాదం లేదని చెప్పడం నిజం కాదు. 1958లో హఠాత్తుగా జరిగిన విస్ఫోటనంలో 12 మంది, 1979లో ముగ్గురు మరణించారు. 1990లలో విషవాయువు వల్ల కూడా సందర్శకులు ప్రాణాలు కోల్పోయారు. 2016 అక్టోబరు 8న బూడిద 11,000 మీటర్ల ఎత్తుకు ఎగసింది. 2021 అక్టోబరు 20న మళ్లీ పేలినప్పుడు పొగ 3,500 మీటర్ల వరకు లేచింది, హెచ్చరికను స్థాయి 3కు పెంచారు. ఇప్పుడున్న వాయు పరికరాలు, అంచున కనిపించే కాంక్రీటు ఆశ్రయాలు, మైకు ప్రకటనలు ఇవన్నీ ఆ అనుభవాల నుంచి వచ్చిన జాగ్రత్తలే. క్రేటర్‌లో మామూలుగా కనిపించే ఆకుపచ్చని వేడినీటి మడుగు ఎండిపోవడాన్ని కూడా చురుకుదనం పెరుగుతున్న సూచనల్లో ఒకటిగా పరిగణిస్తారు. సైరన్ మోగితే ఫోటో పూర్తి చేసుకోవాలని ఆగకుండా గైడు చెప్పినట్లు నడవండి.

ఆస్తమా ఉన్నవారు, వృద్ధులు, పసిపిల్లలు రావచ్చా?

ఆస్తమా, శ్వాసనాళాల వ్యాధి, గుండె జబ్బు ఉన్నవారు క్రేటర్ దగ్గరికి వెళ్లరాదని అక్కడ స్పష్టంగా హెచ్చరిస్తారు. సల్ఫర్ డయాక్సైడ్ స్వల్ప మోతాదులోనే శ్వాసనాళాలను బిగదీస్తుంది కాబట్టి ఇన్‌హేలర్ జేబులో ఉందన్న ధైర్యం సరిపోదు. ఇంత దూరం వచ్చాక నాన్నగారిని కింద వదిలి ఎలా వెళ్లడం అనే మొహమాటం మన కుటుంబాలలో సహజం. అయినా ఈ విషయంలో ఆ మొహమాటానికి తావివ్వకండి. ఒకరు ఆయనతో పాటు కుససెన్రిలో కూర్చుంటే, తక్కినవారు వెళ్లి రావచ్చు. సొంత వాహనం మాట్లాడుకున్నందువల్ల ఇటువంటి సర్దుబాటు వీలవుతుంది.

మోకాళ్ల నొప్పి మాత్రమే ఉన్నవారికి ఇబ్బంది తక్కువ. టోల్ రోడ్డు తెరిచి ఉంటే వాహనం క్రేటర్ పక్కనున్న పార్కింగు వరకు వెళుతుంది. పాత రోప్‌వే ఇప్పుడు లేదు. వాహనం లేనివారి కోసం కింది టెర్మినల్ నుంచి షటిల్ బస్సు నడుపుతున్నారు. ఆరేళ్ల లోపు పిల్లలకు జపాన్ చట్టం ప్రకారం చైల్డ్ సీటు తప్పనిసరి. ట్యాక్సీలకు ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉన్నప్పటికీ, కొండ దారి మలుపులు ఎక్కువ కనుక ముందే అడిగి పెట్టించుకోండి.

గైడు తన సొంత కారులోనే తిప్పుతానంటే ఒప్పుకోవచ్చా?

ఒప్పుకోవద్దు. జపాన్‌లో డబ్బు తీసుకొని ప్రయాణికులను తిప్పే వాహనానికి వ్యాపార అనుమతి, ఆకుపచ్చ నంబరు ప్లేటు ఉండాలి. తెల్ల ప్లేటు ఉన్న సొంత కారులో కిరాయికి తిప్పడం చట్టవిరుద్ధం. ప్రమాదం జరిగితే బీమా వర్తించకపోయే అవకాశం ఉంది. ఈ కారణంగానే పద్ధతిగా నడిచే యాత్రలలో గైడు ఒకరు, డ్రైవరు మరొకరు ఉంటారు. లేదా ట్యాక్సీ సంస్థకు చెందిన డ్రైవరే గైడుగా వ్యవహరిస్తారు. ఇద్దరుండే ఏర్పాటు ఖరీదైనదే కానీ, మలుపుల రోడ్డు మీద డ్రైవరు వెనక్కి తిరిగి కథలు చెప్పవలసిన అవసరం ఉండదు.

గైడు లైసెన్సు సంగతి వేరు. 2018 జనవరి నుంచి లైసెన్సు లేనివారు కూడా రుసుము తీసుకొని గైడుగా పనిచేయడానికి చట్టం అనుమతిస్తోంది. జాతీయ పరీక్షలో ఉత్తీర్ణులైనవారు మాత్రమే ‘జాతీయ లైసెన్సు గల గైడు’ అని చెప్పుకోవాలి. కాబట్టి లైసెన్సు లేనంత మాత్రాన మోసమనుకోనక్కర్లేదు. అసోకు సంబంధించినంత వరకు, ఆ ప్రాంతంలోనే నివసిస్తూ ఏ రోజు గాలి ఎటు మళ్లుతుందో గమనించే మనిషి, దూరపు నగరం నుంచి వచ్చే లైసెన్సుదారు కన్నా మెరుగ్గా ఉండవచ్చు.

తెలుగు లేదా హిందీ మాట్లాడే గైడు దొరుకుతారా?

ఆశ పెట్టుకోవద్దు. జాతీయ గైడు పరీక్ష పది విదేశీ భాషలలో జరుగుతుంది, వాటిలో భారతీయ భాష ఒక్కటీ లేదు. ఇంగ్లీషు గైడునే తీసుకొని, పెద్దలకు మీలో ఒకరు తెలుగులో చెబుతూ ఉండడం ఆచరణలో బాగా నడిచే పద్ధతి. మధ్యలో ఆగి చెప్పుకోవడానికి సమయం ఇవ్వమని గైడుకు ముందే సూచించండి.

ధరలో ఏమేమి కలిసి ఉంటాయి?

ధర సాధారణంగా మనుషుల లెక్కన కాక వాహనం, గంటల లెక్కన ఉంటుంది. అందువల్ల ఇద్దరికి చాలా ఎక్కువనిపించే మొత్తం, తొమ్మిది సీట్ల వ్యానులో వెళ్లే ఆరుగురికి సహేతుకమనిపిస్తుంది. ఎక్స్‌ప్రెస్‌వే టోలు, క్రేటర్ టోల్ రోడ్డు, పార్కింగు, ప్రవేశ రుసుములు, గైడు మధ్యాహ్న భోజనం, సమయం దాటితే గంటకు ఎంత అన్నవి కలిసి ఉన్నాయా లేవా అని ఒక్కొక్కటిగా అడగండి. టిప్పు ఇచ్చే ఆచారం జపాన్‌లో లేదు; ఇవ్వబోతే ఇబ్బంది పడతారు. రశీదు తప్పకుండా తీసుకోండి.

ఎక్కడి నుంచి బయలుదేరడం మంచిది? ఫుకుఓకా నుంచి ఒకే రోజులో వెళ్లి రావచ్చా?

కుమామోతో నగరం నుంచి సుమారు 50 కిలోమీటర్లు, గంట నుంచి గంటన్నర ప్రయాణం. కుమామోతో విమానాశ్రయం ఇంకా దగ్గర. ఫుకుఓకా నుంచి నేరుగా రోడ్డు మీద వెళితే ఒక్కో వైపు రెండు గంటలకు పైగా పడుతుంది. కిరాయి గంటలలో సగం దారికే పోతాయి. ఫుకుఓకా నగరపు ప్రధాన స్టేషనైన హకతలో షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) ఎక్కి గంటలోపే కుమామోతోలో దిగి, స్టేషను ముందు నుంచి వాహనం మొదలుపెట్టుకోవడం అన్ని విధాలా లాభం.

తకచిహో లోయను, కురోకవ వేడినీటి ఊరిని కూడా అదే రోజున కలపవచ్చా?

మూడూ కలపవద్దు. తకచిహో ఆగ్నేయంగా మియజకి ప్రిఫెక్చర్‌లో, కురోకవ ఉత్తరాన ఉన్నాయి. మూడూ ఉన్న కార్యక్రమాన్ని అమ్మేవారున్నారు, కొనేవారూ ఉన్నారు. వారు ఎక్కువగా చూసేది వ్యాను కిటికీనే. ఒకదాన్ని కలపాలనుకుంటే మా ఎంపిక తకచిహో. అక్కడి నిలువు రాతి గోడలు అసో నుంచి వచ్చిన మండే ప్రవాహాలు చల్లారి గట్టిపడినవే, అందువల్ల ఉదయం చూసినదానికి అది సహజమైన కొనసాగింపు. అప్పుడు దైకన్‌బోనో, దేవాలయాన్నో వదులుకోవడానికి సిద్ధపడండి.

ఏ నెలలో వెళ్లాలి?

మే నెల మాకు అన్నిటికన్నా ఇష్టం. పచ్చిక లేతగా ఉంటుంది, నెల మధ్య నుంచి జూన్ మొదటి రోజుల వరకు కొండ వాలుల మీద మియమకిరిషిమ అనే గులాబీ రంగు పూలు విరబూస్తాయి. జూన్ నుంచి జూలై మధ్య వరకు వానాకాలం కాబట్టి తప్పించుకోవడం మంచిది. అక్టోబరు, నవంబరులలో రెల్లు జాతి గడ్డి వెండి రంగులో ఊగుతూ ఉంటుంది.

ఫిబ్రవరి, మార్చిలలో వెళ్లేవారు పచ్చదనాన్ని ఆశించి నిరాశ పడుతుంటారు. ఆ సమయంలో గ్రామస్థులు కలిసికట్టుగా పచ్చిక బయళ్లకు నిప్పు పెడతారు. కొండలన్నీ నల్లగా మాడి ఉంటాయి. ఏటా ఇలా కాల్చకపోతే పొదలు, చెట్లు పెరిగి ఆ మైదానాలు అడవులైపోతాయి. పశువుల మేత కోసం తరతరాలుగా సాగుతున్న ఈ వ్యవస్థను 2013లో ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. అసో ప్రకృతి సిద్ధంగానే పచ్చగా ఉందనుకునేవారు ఆ నల్లని కొండలను ఒకసారి చూడడం మంచిదే. మార్చిలో అసో దేవాలయంలో మండే గడ్డి మోపులను తాళ్లతో గిరగిరా తిప్పే ఉత్సవం కూడా జరుగుతుంది.

శాకాహారులకు భోజనం దొరుకుతుందా?

ముందే చెప్పకుండా వెళితే కష్టం. ఇక్కడి ప్రసిద్ధ వంటకం అకాఉషి, అంటే ఎర్ర ఆవు మాంసం; కుమామోతోలో గుర్రపు మాంసాన్ని పచ్చిగా వడ్డిస్తారు. దగోజిరు అనే పిండి ఉండల పులుసు కూరగాయలతోనే చేసినట్లు కనిపించినా, అందులో తరచుగా పంది మాంసం ఉంటుంది. తకనమెషి అనేది ఆవాకు జాతి ఆకుల ఊరగాయ కలిపిన అన్నం. అందులో గుడ్డు, మాంసం ఉన్నాయో లేదో అడగాలి. మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) పులుసులలో చేపతో కాచిన రసం వేయడం జపాన్ వంటలో మామూలు విషయం కాబట్టి, ‘మాంసం వద్దు’ అంటే వారికి చేప వద్దని అర్థం కాదు. మాంసం, చేప, రొయ్య, చేప రసం, గుడ్డు అని విడివిడిగా జపనీస్‌లో రాసిన చీటీని గైడు చేత సిద్ధం చేయించుకోండి.

దక్షిణపు పల్లంలోని తకమొరి ఊళ్లో దెంగకు అనే భోజనం మనవాళ్లకు నచ్చుతుంది. టోఫు, చేమదుంప, కొన్యకు (ఒక దుంప పిండితో చేసే జెల్లీ వంటి పదార్థం) ముక్కలను పుల్లలకు గుచ్చి, మిసో ముద్ద పూసి, మీ ఎదుటే నిప్పుల గుంట చుట్టూ నిలబెట్టి కాలుస్తారు. దానితో వచ్చే ఏటి చేపను వద్దని బుకింగు సమయంలోనే చెప్పాలి; మిసోలో చేప రసం ఉందో లేదో కనుక్కోమని గైడును అడగాలి. ఇదీ కుదరదనుకునే నియమనిష్ఠలవారు పులిహోర కట్టుకొని వెళ్లడమే ఉత్తమం. కుససెన్రి గడ్డి మీద కూర్చొని తినవచ్చు, కానీ హోటళ్లలో బయటి తిండిని అనుమతించరు. చెత్త డబ్బాలు కనిపించవు గనుక ఆకులు, పొట్లాలు తిరిగి మీతోనే తీసుకెళ్లాలి.

గైడు లేకుండా సొంతంగా కారు నడుపుకొని వెళ్లకూడదా?

వెళ్లవచ్చు. భారతదేశంలో రవాణా శాఖ ఇచ్చే 1949 జెనీవా ఒప్పందపు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ జపాన్‌లో చెల్లుతుంది, అక్కడ కూడా ఎడమవైపే నడుపుతారు. శీతాకాలంలో కొండ దారి మీద మంచు గడ్డకడుతుంది కాబట్టి డిసెంబరు నుంచి మార్చి ఆరంభం వరకు అలవాటు లేనివారికి ఇది తగదు. మిగిలిన నెలలలో, జపాన్‌లో ఇదివరకే కారు నడిపినవారికి గైడు అత్యవసరం కాదని నిజాయితీగా చెప్పాలి.

వేడినీటి స్నానానికి సమయం ఉంటుందా?

ఒక గంట కేటాయిస్తే ఉంటుంది. కాల్డెరాలోనే ఉన్న ఉచినొమకిలో స్నానశాలలు చాలా ఉన్నాయి. స్త్రీ పురుషులకు వేరువేరుగా ఉన్నా, లోపల వస్త్రాలు లేకుండానే స్నానం చేయాలి. దానికి సంకోచించేవారి కోసం గంట లెక్కన అద్దెకు ఇచ్చే కుటుంబ స్నానపు గదులు కుమామోతో ప్రాంతంలో విరివిగా దొరుకుతాయి. గైడు ముందుగా ఫోను చేసి పెట్టగలరు.

ఎటువంటి దుస్తులు వేసుకోవాలి?

నగరం కన్నా పైన ఐదారు డిగ్రీలు చల్లగా ఉంటుంది, గాలి బలంగా వీస్తుంది. వేసవిలో కూడా ఒక జాకెట్టు, మూసిన బూట్లు అవసరం. చీర కొంగు ఆ గాలికి నిలవదు. గంధకం వాసన బట్టలకు పట్టుకుంటుంది కనుక ఖరీదైనవి వద్దు.

అక్కడి నుంచి వెనక్కి రాకుండా బెప్పుకు వెళ్లిపోవచ్చా? సామాను సంగతి ఏమిటి?

వెళ్లవచ్చు, అదే మేము ఎక్కువగా సూచించే పద్ధతి. అసో నుంచి కుజూ కొండల మీదుగా వేడినీటి ఊటలకు పేరున్న యుఫుయిన్, బెప్పుల వైపు సాగే యమనమి రహదారి క్యూషూలోని అందమైన దారులలో ఒకటి. అయితే ఖాళీగా తిరిగి వెళ్లే వాహనానికి కూడా కిరాయి కట్టవలసి వస్తుంది. తొమ్మిది సీట్ల వ్యానులో పెద్ద సూట్‌కేసులు పెడితే ఐదారుగురి కన్నా ఎక్కువమంది పట్టరు. అంతకన్నా ఎక్కువమంది ఉంటే, ముందురోజే హోటలు కౌంటరు ద్వారా సూట్‌కేసులను తక్యుబిన్ కొరియరులో బెప్పు హోటలుకు పంపించి, ఒక రాత్రికి సరిపడే చేతిసంచి మాత్రం వెంట ఉంచుకోండి. మందులు, పాస్‌పోర్టులు ఆ చేతిసంచిలోనే ఉండాలి.